ఊరి పక్కన రొయ్యల చెరువు పడుతోందా? తాడు, సీసా, కాగితం సిద్ధం చేసుకోండి

పొక్లెయిన్ ఊరి బాటలోకి దిగిన రోజే పని మొదలుపెట్టాలి. నా దగ్గరకొచ్చేవాళ్లలో ఎక్కువమంది గట్లు లేచి, చెరువు నీళ్లకి గాలి పట్టించే తెడ్లు తిరిగి, బావి నీళ్లు నోట్లో పెట్టుకోలేని స్థితికి వచ్చాక వస్తారు. బరంపురం కోర్టు దగ్గర నాది చిన్న టైపింగ్, జిరాక్సు షాపు. సోనాపూర్ నుంచి రంభ దాకా గంజాం తీరంలో ఉన్న మనవాళ్లకి, అంటే ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మనకి, ఒడియాలో అర్జీ కావాలంటే నాలాంటివాళ్లే దిక్కు. నేనూ ఆ ఇసకలో పుట్టినవాణ్ణే.

మనవాళ్లకి రూల్సు కొత్త కాదు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపల వేట లేదు. దానికి తోడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరబోట్ల వేట నిషేధం. ఈ తారీఖులు నిద్రలో లేపి అడిగినా చెబుతాం. చెరువులకీ అలాంటి దూరాలు, లెక్కలు ఉన్నాయి. అవి మాత్రం మన నోటికి రావు. చెరువు యజమానికి వస్తాయి, లేదా ఆయన లెక్కల మనిషికి వస్తాయి. ఈ తేడా పోగొట్టడానికి మీరేం చేయాలో వరసగా చెబుతాను.

ముందు ఆ నేల ఎవరిదో, ఏ రకమో చూడండి

ఫోన్లో ఒడిశా భూమి రికార్డుల సైట్ భూలేఖ్ తెరవండి. జిల్లా, తహశీల్, ఊరు ఎంచుకుని ప్లాటు నంబరు కొడితే ఖాతా వస్తుంది. అది ఒడియాలో ఉంటుంది కాబట్టి చదవడం రాకపోతే ఎనిమిదో తరగతి చదివే పిల్లని పక్కన కూర్చోబెట్టుకోండి. అందులో 'కిస్సం', అంటే నేల రకం, అనే గడి ముఖ్యం. 'శారద' అని ఉంటే వరి భూమి. 'గోచర' అంటే పశువుల మేత భూమి. ఖాతా పేరు దగ్గర 'రక్షిత' అనో 'సర్వసాధారణ' అనో ఉంటే అది ఏ ఒక్కరిదీ కాదు, ఊరిది లేదా సర్కారుది.

తీరంలో చెరువుల మీద పెత్తనం చెన్నైలో ఉన్న కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీది. దాని చట్టం 2005లో వచ్చింది, 2023లో సవరించారు, 2024లో కొత్త నియమాలు పెట్టారు. పంట భూములు, మడ అడవి, ఉప్పు మళ్లు, చిత్తడి నేలలు, ఊరి ఉమ్మడి భూములు చెరువులుగా మార్చకూడదని అథారిటీ మార్గదర్శకాలు మొదటినుంచీ చెబుతున్నాయి. హుమ్మా వైపు, సుర్లా వైపు ఉప్పు మళ్లున్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. 'ఎలాగూ ఉప్పు నేలే కదా, చెరువైతే ఏం' అని లీజుకొచ్చినవాళ్లు చెప్పే మాట చెల్లదు.

నేల చూసేటప్పుడు మొగలి డొంకల్ని కూడా చూడండి. మన వైపు మొగలి పువ్వు అమ్ముకుని బతికే ఇళ్లున్నాయి. గట్టు కోసం డొంక నరికితే ఆ పువ్వు డబ్బుతో పాటు ఇసకని పట్టి ఉంచే వేరు కూడా పోతుంది. నరకక ముందే ఫోటో తీసి ఉంచండి.

దూరం కొలవండి

సర్కారు కొలతల మనిషి అమీను వచ్చి కొలిచేదాకా కూర్చోవద్దు. మీ ఇంట్లో నైలాన్ తాడుంది. పది మీటర్లకో ముడి వేసి, ముడి దగ్గర ఎర్ర గుడ్డ కట్టండి. ఇద్దరు మనుషులు, ఒక పూట చాలు. తర్వాత ఫోన్ మ్యాప్‌లో దూరం కొలిచే పద్ధతిలో సరిచూసుకోండి.

ఏయే దూరాలు? మార్గదర్శకాల ప్రకారం 500 మందిలోపు ఉన్న ఊరికి చెరువు కనీసం 100 మీటర్ల అవతల ఉండాలి. 500 దాటిన ఊరైతే 300 మీటర్లు. తాగునీటి బావికి, బోరుకి 100 మీటర్లు. వరి చేలకీ చెరువుకీ మధ్య, నేలని బట్టి 50 నుంచి 100 మీటర్ల జాగా వదలాలి. వాన నీళ్లు పోయే వాగుకి అడ్డంగా గట్టు వేయకూడదు. పడవల రేవుకి, శ్మశానానికి, సముద్రానికి మనం నడిచే పాత బాట మూయకూడదు. తగాదా ఎక్కువగా వచ్చేది ఈ బాట దగ్గరే. ఆడవాళ్లు చేపల గంపలతో నడిచే దారిలో చెరువు కంచె పడి, వాళ్లు మైలు చుట్టూ తిరిగి నడిచేదాకా ఊరు గమనించదు.

సముద్రం వైపు ఇంకో గీత ఉంది. పెద్ద పోటు గీత నుంచి పల్లె తీరంలో 200 మీటర్లు, బాగా జనసమ్మర్దం ఉన్న పల్లెల్లో 50 మీటర్లు, అభివృద్ధి పనులు కూడని జాగా (నో డెవలప్‌మెంట్ జోన్) అని 2019 సీఆర్‌జెడ్, అంటే తీర నియంత్రణ మండలి, నోటిఫికేషన్ చెబుతుంది. జనసమ్మర్దం అంటే 2011 లెక్కల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మంది పైన. పోటు గీతంటే మీ కాళ్లు తడిసిన చోటు అనుకోకండి. అది తీర మ్యాప్‌లో ప్రభుత్వం గీసిన గీత. మీ తాడు కొలత అనుమానం పుట్టించడానికి పనికొస్తుంది, తేల్చేది మ్యాపే.

చిలికా పక్కన, రంభ వైపు ఉన్నవాళ్ల లెక్క వేరు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, జగన్నాథ్ కేసులో, చిలికా సరస్సు నుంచి 1000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు కట్టకూడదంది. సరస్సు లోపల వలలు, కర్రలతో కట్టే ఘేరీలు తీసేయాలని ఒడిశా హైకోర్టు పదేపదే ఆదేశాలిచ్చింది. చిలికా గొడవ ఎంత దూరం వెళ్లిందో పెద్దవాళ్లకి గుర్తే. 1999 మే 29న సొరానాలో పోలీసు కాల్పుల్లో నలుగురు జాలర్లు చచ్చిపోయారు. అందుకే కొలత, కాగితం ముందు, కేక తర్వాత అని నేను గట్టిగా చెబుతాను.

బావి నీళ్లు ఇప్పుడే రాసిపెట్టండి

ఈ ఒక్క పని చేయని ఊళ్లు తర్వాత ఏం చేసినా వాదన నిలబడదు. చెరువులో సీడు, అంటే రొయ్య పిల్లలు, వదలక ముందు మీ బావి ఎలా ఉండేదో కాగితం మీద లేకపోతే, 'మీ బావి ఎప్పుడూ ఉప్పే కదా' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే చిన్న టీడీఎస్ మీటరు కొనండి, పెన్ను అంత ఉంటుంది, ధర కూడా ఊరంతా కలిస్తే లెక్కలోది కాదు. పద్ధతి ఇది. పొద్దున్నే, ఎవరూ తోడక ముందు, బకెట్ దించి మొదటి రెండు బకెట్లు పారబోయండి. మూడో బకెట్ నీళ్లు గ్లాసులో పోసి, మీటరు గీత దాకా ముంచి, అంకె నిలబడేదాకా ఆగండి. నోటుబుక్కులో తారీఖు, ఏ బావి, అంకె, ముందు రోజు వాన పడిందా, ఇద్దరి సంతకాలు. నెలకోసారి, అదే తారీఖున. తాగే నీళ్లలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకోవచ్చని భారత ప్రమాణం. ఉదాహరణకి జనవరిలో 640 ఉన్న బావి జూన్‌లో 1,900 అయిందని పుస్తకంలో ఉంటే, దాన్ని చూసిన ఏ ఆఫీసరూ 'ఎప్పుడూ ఉప్పే కదా' అనలేడు. ఎండాకాలం ఉప్పు కొంత మామూలుగానే పెరుగుతుంది కాబట్టి, చెరువుకి దూరంగా ఉన్న బావి ఒకటి కూడా పుస్తకంలో ఉండాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది.

ఏడాదికి రెండుసార్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం లాబ్‌లో క్లోరైడ్ కూడా చూపించుకోండి. మీటరు మన నమ్మకానికి, లాబ్ కాగితం ఆఫీసు నమ్మకానికి.

చెరువు యజమానితో కూర్చోండి

ఇది అర్జీకి ముందు పని. ఎందుకంటే సగం చెరువులు మన బావమరుదులవే, లేదంటే మనవాళ్లు లీజుకిచ్చిన నేల మీదే. ఒకసారి ఓ ఊరివాళ్ల మాట నమ్మి ఒక చిన్న చెరువు మీద ఘాటుగా అర్జీ టైపు చేశాను. తీరా చూస్తే ఆ మూడెకరాల మనిషికి రిజిస్ట్రేషన్ ఉంది, నీళ్లు నిలిపే గుంట ఉంది. మురుగు వదులుతున్నది దాని వెనకున్న పెద్ద చెరువు. ఆ పెద్దాయన నా షాపుకొచ్చి కాగితాలు బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా టీ తాగి వెళ్లాడు. అప్పటినుంచీ ముందు కాగితాలు చూసిగానీ కీబోర్డు ముట్టుకోను.

అడగాల్సినవి ఇవి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉందా? అది అయిదేళ్లకే చెల్లుతుంది, గడువు చూడండి. మురుగు నిలిపే గుంట ఎక్కడ? అయిదు హెక్టార్లు దాటిన చెరువుకి శుద్ధి ఏర్పాటు ఉండాలి, దానికి విస్తీర్ణంలో పదో వంతు జాగా వదలాలని మార్గదర్శకం. 40 హెక్టార్లు దాటితే పర్యావరణ ప్రభావ అధ్యయనం ఉండాలి. వనామీ రకం రొయ్య అయితే చదరపు మీటరుకు 60 పిల్లలు మించకూడదు. ఉప్పు తగ్గించడానికి బోరు నీళ్లు కలుపుతున్నారా? అది కూడదు.

ఒప్పందం కుదిరితే తెల్లకాగితం మీద రాసుకోండి. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే తారీఖు ఊరికి రెండు రోజుల ముందు చెప్పాలి. మురుగు గుంటలో నిలిపాకే, అదీ పోటు దిగేటప్పుడే వదలాలి, ఎక్కేటప్పుడు కాదు. బాట తెరిచి ఉంచాలి. బావుల లాబ్ ఖర్చు సగం యజమాని పెట్టుకోవాలి. రొయ్యలకి తెల్లమచ్చ జబ్బు తగిలితే చెరువు నీళ్లలో బ్లీచింగ్ వేసి, ఆ క్లోరిన్ విరిగేదాకా ఆగాకే ఏట్లోకి వదలాలి. ఈ చివరిది పక్క చెరువువాళ్లే ఎక్కువ కోరుకుంటారు. జబ్బు నీళ్లు ముందు మునిగించేది వాళ్లనే, ఎండ్రకాయ ఏ గట్టు ఎక్కితే ఆ చెరువుకి జబ్బు ఎక్కుతుంది.

ఈ కాగితాన్ని ఊరి ఓటర్లంతా కూర్చునే పల్లి సభలో చదివించి తీర్మానం చేయించండి. ఒడిశా పంచాయతీ చట్టం ప్రకారం ఊరూరా ఫిబ్రవరిలో పల్లి సభ జరగాలి. ఆడవాళ్లని తప్పకుండా తీసుకెళ్లండి, నీళ్లు మోసేది వాళ్లు.

కుదరకపోతే, సమాచార హక్కు

ఒడిశాలో దీనికి ఫారం-ఎ అని ఒకటుంది, దాని మీద పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి, గుర్తింపు కార్డు జిరాక్సు జతచేయాలి. తెల్లకాగితం మీద రాసిస్తే వెనక్కి పంపుతారు, ఆ నెల పోతుంది. జవాబుకి 30 రోజుల గడువు. ఒక్కో ఫారంలో మూడు నాలుగు ప్రశ్నలు మించొద్దు. 'చెరువుల వివరాలన్నీ ఇవ్వండి' అని రాస్తే ఏమీ రాదు. ఇలా అడగండి:

'ఫలానా మౌజా, ఫలానా ప్లాట్లలోని చెరువులకి కోస్టల్ ఆక్వాకల్చర్ రిజిస్ట్రేషన్ ఉందా? ఉంటే సర్టిఫికెట్ నకలు ఇవ్వండి. లేకపోతే తీసుకున్న చర్య చెప్పండి. ఈ చెరువుల మురుగు నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఆ రిపోర్టు నకలు ఇవ్వండి.'

ఇంకో ప్రశ్న నేను ప్రతి ఫారంలో పెడతాను. సీఆర్‌జెడ్ అమలు చూడడానికి ప్రతి తీర జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలి. అందులో కనీసం ముగ్గురు స్థానిక సంప్రదాయ తీరవాసుల ప్రతినిధులు, జాలర్లతో సహా ఉండాలని నోటిఫికేషన్‌లోనే ఉంది. 'ఆ ముగ్గురూ ఎవరు, కమిటీ చివరి మీటింగు ఎప్పుడు జరిగింది?' అని అడగండి. ఆ కుర్చీల్లో మనవాళ్లు కూర్చోవాలంటే ముందు అవి ఉన్నాయని మనకి తెలియాలి.

మురుగు వదిలే రోజు

పంట మొత్తంలో అన్నిటికంటే చెడ్డ నీళ్లు పట్టుబడి రోజు చివర్లో దిగేవి. రొయ్యకి వేసిన మేతలోని నత్రజని మూడో వంతు కూడా దాని ఒంట్లో చేరదు, మిగతాది నీళ్లలో, అడుగు బురదలో ఉండిపోతుంది. తూము ఎత్తిన మొదటి గంటలో నీళ్లు ఓ మాదిరిగానే కనిపిస్తాయి. వల లాగి, మనుషులు బురదలో దిగి తొక్కాక, ఆఖరి మోకాటి లోతు నీళ్లు నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో వస్తాయి. ఫోటో అప్పుడు తీయాలి. మొదటి గంటలో తీసిన ఫోటో యజమానికే సాక్ష్యం అవుతుంది.

ఫోటోలో తారీఖు, జీపీఎస్ పడే యాప్ వాడండి. తూము, కాలువ, కాలువ ఏట్లో కలిసే చోటు, ఈ మూడూ ఒకే వీడియోలో నడుచుకుంటూ తీయండి. రెండు శుభ్రమైన సీసాలు మెడదాకా నింపి, గాలి లేకుండా మూత బిగించి, ఐస్‌లో పెట్టండి. ఐస్ మన రేవులో కొరతా? ఇరవై నాలుగు గంటల్లో లాబ్‌కి చేరాలి.

అయితే మీరు తీసిన సీసా కోర్టులో నిలబడదు. 1974 నీటి చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి అధికారే, యజమానికి నోటీసు ఇచ్చి, నమూనా తీయాలి. అందుకే తూము ఎత్తకముందే బరంపురంలోని మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఫోన్ చేయండి, ఆ తర్వాత మెయిల్ పంపండి, వాళ్లు రాకపోయినా మీరు పిలిచిన ఆనవాలు ఉంటుంది. పోల్చడానికి అంకెలు: ఉప్పుటేట్లోకి, కయ్యలోకి వదిలే మురుగులో బీఓడీ (కుళ్లు ఎంత ఆక్సిజన్ తినేస్తుందో చెప్పే లెక్క) లీటరుకు 20 మిల్లీగ్రాములు, నేరుగా సముద్రంలోకైతే 50 మించకూడదు. తేలే మడ్డి రెండుచోట్లా 100. కరిగిన ఆక్సిజన్ 3కి తగ్గకూడదు. బాహుదా లాంటి చిన్న ఏరుకి కఠినమైన లెక్క, సముద్రానికి వదులు లెక్క. యజమాని 'సముద్రంలోకే కదా పోయేది' అన్నప్పుడు ముందు ఏ నీళ్లలో కలుస్తోందో చూపించండి.

అర్జీ

తెలుగులో ఇవ్వొచ్చా అని అందరూ అడుగుతారు. ఇవ్వొచ్చు. కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా బాధ చెప్పుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. కానీ హక్కు వేరు, చదివే గుమస్తా వేరు. పైన ఒడియా, కింద తెలుగు పెట్టండి, సంతకాలు తెలుగు దాని మీద పెడితే ఎవరు దేనికి సంతకం పెట్టారో వాళ్లకి తెలుస్తుంది.

ఒక పేజీ దాటొద్దు. నా షాపులో వాడే నమూనా:

'ఛత్రపురం, జిల్లా కలెక్టరు గారికి. మా ఊరు ఫలానా, జనాభా ఇంత. ఫలానా ప్లాటులోని చెరువు మా ఊరికి 140 మీటర్లలో ఉంది, 300 ఉండాలి. ఫలానా తారీఖున సాయంత్రం 4 గంటలకి మురుగు శుద్ధి లేకుండా బాహుదా కయ్యలోకి వదిలారు, ఫోటోలు జతచేశాం. మా బావి నీటి లెక్కలు జతచేశాం. కోరేది: ఒకటి, ఉమ్మడి తనిఖీ మా సమక్షంలో. రెండు, రిజిస్ట్రేషన్ లేకపోతే చెరువు ఆపించడం. మూడు, బాట తెరిపించడం.'

'న్యాయం చేయండి' అని రాయకండి. ఏం చేయాలో రాయండి. నకళ్లు జిల్లా మత్స్యశాఖ అధికారికి, తహసీల్దారుకి, కాలుష్య మండలికి, చెన్నై అథారిటీకి పంపండి. జిల్లా స్థాయి ఆక్వా కమిటీకీ కలెక్టరే అధ్యక్షుడు కాబట్టి ఆ మాట అర్జీలో రాయండి. గ్రీవెన్స్ రోజు వెళితే డైరీ నంబరు అడిగి తీసుకోండి, రాష్ట్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ జన సునాణిలోనూ ఎక్కించండి. ఒక ఆఫీసులో మా ఊరి అర్జీ డైరీ నంబరు లేదనే ఒక్క కారణంతో ఆర్నెల్లు కనపడలేదు.

ఒక సంగతి తెలిసి ఉండండి. 2023 సవరణలో జైలుశిక్ష తీసేసి జరిమానాలు పెట్టారు. నాకు అది నచ్చలేదు, పెద్ద పంట తీసేవాడికి జరిమానా మేత ఖర్చులో కలిసిపోతుంది. కాకపోతే అధికారులు కేసు దాకా వెళ్లకుండానే చర్య తీసుకోవచ్చు, కాబట్టి అడగడం తేలికైంది.

ఎక్కడా కదలకపోతే కోల్‌కతాలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. గొడవ మొదలైన రోజు నుంచి ఆర్నెల్లలో వెళ్లాలి. నష్టపరిహారానికైతే అయిదేళ్ల గడువు. లాయరు ఖర్చు టెన్షన్ వద్దు, బరంపురంలో జిల్లా న్యాయ సేవల సంస్థ ఉంది. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరుని ఇస్తారు. అందుకే అర్జీలో మొదటి పేరు ఇంటి ఆడమనిషిది పెట్టించమంటాను.

మీరే చెరువు వేస్తుంటే

పైన చెప్పినవన్నీ తిరగేసి చదువుకోండి. రిజిస్ట్రేషన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, పట్టా లేదా లీజు కాగితం కావాలి. ఎకరం రెండెకరాల వాళ్లు నలుగురు కలిసి ఒకే మురుగు గుంట కట్టుకోండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటి నిషేధ మందులు ఎవరు 'టానిక్' అని అమ్మినా కొనొద్దు, పరీక్షలో దొరికితే మీ సరుకుతో పాటు చుట్టుపక్కల అందరి రేటూ పడుతుంది.

ఫైలు దాచుకోవడం

బావి పుస్తకం, ఫోటోల ప్రింట్లు, డైరీ నంబర్లు, తీర్మానం, అన్నీ మూడు సెట్లు తీయండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తర్వాత నెలంతా నా షాపులో తడిసిన పట్టాలు, అతుక్కుపోయిన రేషను కార్డులే. ఒక సెట్టు ప్లాస్టిక్ కవర్లో ఇంటి అటక మీద, ఒకటి పంచాయతీ మెంబరు దగ్గర, మూడోది తీరానికి దూరంగా, బరంపురంలోనో ఇచ్ఛాపురంలోనో ఉన్న మీ ఆడపడుచు ఇంట్లో.